ఇంటిని మోసే లారీ: ఎక్స్‌పెడిషన్ వాహనాలు ఎందుకు పెరుగుతున్నాయి, ఎక్కడ ఆగిపోతున్నాయి

సినిమా షూటింగుల దగ్గర ఆగి ఉండే కారవాన్‌ను మనలో చాలామంది చూసే ఉంటారు. లోపల ఏసీ, మంచం, స్నానాల గది ఉంటాయి. బయట జనరేటరు ఆడుతూ ఉంటుంది. నీళ్లు అయిపోతే ట్యాంకరు వస్తుంది. తారు రోడ్డు ఉన్నంత వరకూ ఆ బండికి ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు అవే సదుపాయాలను రోడ్డు లేని చోటికి, ట్యాంకరు రాని చోటికి, రెండు మూడు వారాల కోసం తీసుకెళ్లాలనుకోండి. కారవాన్ పనికిరాదు. దాని కోసం పుట్టిందే ఎక్స్‌పెడిషన్ వాహనం (ఇంజిన్ అన్ని చక్రాలనూ తిప్పే ట్రక్కు మీద కట్టిన సంచార నివాసం).

ఓవర్‌ల్యాండింగ్ (సొంత బండిలో నేల దారిన దేశాలు దాటుకుంటూ చేసే సుదీర్ఘ ప్రయాణం) చేసేవాళ్లలో కొంతమంది గత పది, పదిహేనేళ్లలో ఈ పెద్ద బండ్ల వైపు మళ్లారు. జర్మనీలో యూనిక్యాట్, ఆస్ట్రియాలో యాక్షన్ మొబిల్, నెదర్లాండ్స్‌లో బ్లిస్ మొబిల్, అమెరికాలోని కొలరాడోలో ఎర్త్‌రోమర్ వీటిని కట్టే సంస్థల్లో పేరున్నవి. ఐరోపావాళ్లు ఎక్కువగా మాన్, మెర్సిడెస్ లారీల మీద కడతారు. 1998లో మొదలైన ఎర్త్‌రోమర్ ఎక్కువగా ఫోర్డ్ ట్రక్కుల మీద కడుతోంది. దాని పెద్ద నమూనా హెచ్‌డీ మార్కెట్లోకి వచ్చినప్పుడు ధర 15 లక్షల డాలర్ల దగ్గర ఉంది. ఇప్పటి మారకంలో అది పన్నెండు కోట్ల రూపాయల పైమాట.

ఇంత డబ్బు పోసి కొన్న బండి ఏ దారుల్లో వెళ్లగలదు, ఎక్కడికి వెళ్లలేదు అన్నదే ఈ వ్యాసంలో నేను చూడదలచుకున్నది. దానికి ముందు ఈ ప్రయాణాలు ఎలా మొదలయ్యాయో కొంత తెలియాలి.

1955లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విద్యార్థులు ఆరుగురు రెండు ల్యాండ్ రోవర్లలో లండన్ నుంచి సింగపూర్‌కు బయలుదేరారు. 1956 మార్చిలో చేరారు. మన దేశం మీదుగానే వెళ్లారు. అస్సాం దాటి, రెండో ప్రపంచ యుద్ధంలో వేసిన లీడో రోడ్డు పట్టుకుని బర్మాలోకి దిగారు. ఆ బండ్లలో మంచాలు లేవు, స్నానాల గది ఊసే లేదు. ఆ తరువాత ఇరవై ఏళ్లకు పైగా ఇస్తాంబుల్, టెహ్రాన్, కాబూల్, లాహోర్ మీదుగా ఢిల్లీకి, కాఠ్మండూకు వేలాదిమంది పాత వ్యాన్లలో, బస్సుల్లో వచ్చారు. 1979లో ఇరాన్‌లో విప్లవం, ఏడాది చివర అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సేన రావడంతో ఆ దారి తెగింది.

విలాసం కూడా పాతదే. 1934లో చార్లెస్ బెడో అనే సంపన్నుడు సిత్రోయెన్ కంపెనీ గొలుసు చక్రాల బండ్లు అయిదింటితో, షాంపేన్ సీసాలతో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా అడవుల్లోకి వెళ్లాడు. బురద గెలిచింది. బండ్లను మధ్యలోనే వదిలేయవలసి వచ్చింది.

ఇప్పుడు మళ్లీ విలాసం ఎందుకు వచ్చిందన్నది చూద్దాం. నా ఉద్దేశంలో అన్నిటికన్నా బలమైన కారణం బ్యాటరీ. పాత సీసం బ్యాటరీలో ఒక యూనిట్ కరెంటును నిజంగా వాడుకోవాలంటే యాభై అరవై కిలోల బ్యాటరీ మోయాలి. ఎందుకంటే దాన్ని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో అదే యూనిట్‌కు పది కిలోల దగ్గర సరిపోతుంది. పైకప్పు మీద సోలార్ పలకలు చౌకయ్యాయి. దీంతో ఇండక్షన్ పొయ్యి, ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషీన్ ఒక్కొక్కటిగా లోపలికి వచ్చాయి. గ్యాస్ సిలిండరు బయటికి పోయింది. దేశానికో రకం గ్యాస్ బిగింపు ఉంటుంది కనుక దూరప్రయాణంలో సిలిండరు నింపించుకోవడం పెద్ద తలనొప్పి. పొయ్యి కరెంటుతో, వేడి డీజిలుతో నడిస్తే ఆ బాధ లేదు.

రెండోది ఇంటర్నెట్. స్టార్‌లింక్ 2022లో ప్రయాణంలో ఉన్నవాళ్ల కోసం సేవ మొదలుపెట్టాక ఎడారి మధ్య నుంచి ఆఫీసు పని చేయడం సాధ్యమైంది. మూడోది కొవిడ్. హోటళ్లు, విమానాలు మూతపడిన రోజుల్లో నడిచే ఇంటికి గిరాకీ పెరిగింది. 2021లో అమెరికాలో ఇలాంటి నివాస వాహనాలన్నీ కలిపి 6 లక్షలు కర్మాగారాల నుంచి బయటికొచ్చాయి. అది రికార్డు. వీటిలో ఎక్స్‌పెడిషన్ ట్రక్కులు చిన్న పాయ మాత్రమే. కానీ ఆ ప్రవాహం వాటినీ ముందుకు తోసింది. నాలుగోది మనం తరచూ మరిచిపోయేది: వయసు. ఉద్యోగం ముగిసి, ఇల్లు అమ్మి, చేతిలో డబ్బుతో బయలుదేరే పాశ్చాత్య దంపతులకు గుడారం వేసి నేల మీద పడుకునే ఓపిక ఉండదు. మందులకు ఫ్రిజ్ కావాలి. రాత్రి రెండుసార్లు లేచేవాళ్లకు లోపలే మరుగుదొడ్డి కావాలి. అది ఆడంబరమని నేను అనుకోను.

ఇక బండి లోపలి లెక్కకు వద్దాం. అంతా బరువు దగ్గరే మొదలవుతుంది.

ఒక మనిషి తాగడానికి, వంటకు, పొదుపుగా స్నానానికి కలిపి రోజుకు 15 లీటర్లతో సరిపెట్టుకుంటాడనుకుందాం. ఇద్దరికి మూడు వారాలకు 630 లీటర్లు కావాలి. అంటే 630 కిలోలు. అంత నీటిని మోసే లారీ వంద కిలోమీటర్లకు 25 లీటర్ల డీజిలు తాగుతుందనుకుంటే, బంకు తగలకుండా రెండు వేల కిలోమీటర్లు పోవడానికి 500 లీటర్లు కావాలి. అది 420 కిలోలు. ఇంకా మంచం వేయలేదు, పొయ్యి పెట్టలేదు, గోడలు కట్టలేదు. అప్పుడే టన్ను దాటింది. టయోటా హైలక్స్ తరగతి పికప్ మొత్తం మోయగలిగేదే టన్ను అటూ ఇటూ. కనుక లారీ కావాలి. లారీ వచ్చాక, ఇంత పెద్ద పెట్టె ఉంది కదా అని సోఫా వస్తుంది, స్నానాల గది విడిగా వస్తుంది. బరువు పెరుగుతుంది. మరింత పెద్ద లారీ, మరింత డీజిలు. ఈ గొలుసు ఎక్కడ ఆపాలన్నది కొనేవాడు ముందే నిర్ణయించుకోకపోతే దానంతట అది ఆగదు.

చట్టం కూడా ఒక గీత గీస్తుంది. ఐరోపాలో మామూలు కారు లైసెన్సు ఇన్నాళ్లూ 3,500 కిలోల వరకే చెల్లింది. అయితే జర్మనీలో 1999కి ముందు లైసెన్సు తీసుకున్నవాళ్లు 7,500 కిలోల వరకూ నడపవచ్చు. అందుకే అక్కడి సంచార ట్రక్కుల్లో చాలా వాటిని 7.49 టన్నులని రిజిస్టరు చేయిస్తారు. కాగితం మీద అంతే. ట్యాంకులు నింపి, సామాను సర్ది కాటా మీదికి ఎక్కిస్తే కొన్ని ఆ గీత దాటేస్తాయి. బరువు దాటిన బండికి ప్రమాదం జరిగితే బీమా సంస్థతో పేచీ తప్పదు.

బరువును కాసేపు పక్కన పెట్టి, ఈ బండ్లలో ఇంజనీర్లు చేసిన గొప్ప పని ఒకటి దగ్గరగా చూద్దాం. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం.

లారీ ఛాసిస్ (బండి మొత్తాన్ని మోసే ఉక్కు చట్రం) నిచ్చెన ఆకారంలో ఉంటుంది. పొడవాటి రెండు ఉక్కు దూలాలు, మధ్యలో అడ్డపట్టీలు. ఎగుడుదిగుడు నేల మీద ఒక ముందు చక్రం గుంతలోకి, అదే వైపు వెనుక చక్రం రాయి మీదికి వెళితే ఈ నిచ్చెన మెలి తిరుగుతుంది. తిరగాలి కూడా. అలా తిరిగితేనే నాలుగు చక్రాలూ నేలను వదలకుండా పట్టు ఉంటుంది. కానీ దాని మీద ఉన్న నివాసపు పెట్టె మెలి తిరగకూడదు. ఆ పెట్టె గోడలు రెండు ఫైబర్ పలకల మధ్య గట్టి నురుగు నింపి చేసినవి. వేడికి, చలికి బాగా తట్టుకుంటాయి, మెలితిప్పితే మాత్రం అతుకుల దగ్గర పగులుతాయి. కిటికీ ఊడుతుంది, తలుపు పట్టేస్తుంది.

ఈ రెండింటికీ పొత్తు కుదర్చడానికి మధ్యలో సబ్‌ఫ్రేమ్ (పెట్టెకూ ఛాసిస్‌కూ మధ్య ఉండే రెండో చట్రం) పెడతారు. దాన్ని నాలుగు మూలలా బిగించేయరు. ఒక పద్ధతిలో మూడు చోట్లే పట్టు ఇస్తారు: ఒక చివర రెండు, రెండో చివర మధ్యలో ఒక్కటి, అదీ ఇరుసులా తిరిగేది. నాలుగు కాళ్ల బల్ల ఎత్తుపల్లాల నేల మీద ఊగుతుంది, మూడు కాళ్ల పీట ఊగదు కదా. సూత్రం అదే. కింద ఛాసిస్ ఎంత మెలి తిరిగినా పైన పెట్టె తన ఆకారం మార్చుకోదు. ఇంకో పద్ధతిలో సబ్‌ఫ్రేమ్‌ను ఛాసిస్ మీద స్ప్రింగులతో కూర్చోబెడతారు. మెలి వచ్చినప్పుడు సబ్‌ఫ్రేమ్ ఒకవైపు కాస్త పైకి లేచి, మళ్లీ కూర్చుంటుంది. బ్లిస్ మొబిల్ అయితే సరుకు కంటెయినర్లకు వాడే మూల తాళాలతో పెట్టెను బిగిస్తుంది. లారీ పాతబడితే పెట్టెను తీసి కొత్త లారీ మీద పెట్టుకోవచ్చు. ఇలాంటి బండి కొనేవాళ్లు లోపలి చెక్క పని చూసి మురిసిపోయే ముందు బండి కిందికి వంగి ఈ బిగింపును చూడాలి. పనితనం అక్కడే తెలుస్తుంది.

కొత్త బండ్లకు అసలు చిక్కు ఇంజిన్ దగ్గర వస్తుంది. ఇప్పటి డీజిల్ ఇంజిన్లకు డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టి ఉంచే జల్లెడ) ఉంటుంది. అది నిండినప్పుడు ఇంజిన్ పొగ వేడిని ఆరు వందల డిగ్రీల దాకా పెంచి మసిని కాల్చేస్తుంది. ఇది సవ్యంగా జరగాలంటే డీజిల్లో గంధకం చాలా తక్కువగా ఉండాలి. ఐరోపాలో పది లక్షల వంతుల్లో పది వంతులకు మించదు. మన దేశంలో 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పటి నుంచి అదే ప్రమాణం. ఆఫ్రికాలో, మధ్య ఆసియాలో కొన్ని చోట్ల దొరికే డీజిల్లో గంధకం ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. అది జల్లెడ ముందున్న ఉత్ప్రేరకం (రసాయన చర్యను వేగవంతం చేసే పూత) మీద పేరుకుంటుంది. పూత పని చేయదు, మసి కాలదు, జల్లెడ మూసుకుపోతుంది. ఇంజిన్‌లోని కంప్యూటర్ ఇది గమనించి, ఇంజిన్‌ను కాపాడటానికి శక్తిని తగ్గించేస్తుంది. పన్నెండు కోట్ల బండి నత్తనడకన పాకుతుంది. పైగా పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి యూరియా ద్రావణం పోయాలి. అది మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, మారుమూల చోట్ల దొరకదు.

అందుకే అనుభవమున్న యాత్రికులు ఇప్పటికీ పాత ఇంజిన్ల కోసం వెతుకుతారు. జర్మన్ సైన్యం అమ్మేసిన మాన్ లారీలు, పాత అగ్నిమాపక బండ్లకు అక్కడ గిరాకీ తగ్గలేదు. ఐక్యరాజ్యసమితి, సహాయ సంస్థలు కఠినమైన చోట్లకు ఎక్కువగా పంపేది 1984లో వచ్చి ఈనాటికీ తయారవుతున్న టయోటా ల్యాండ్ క్రూయిజర్ 70 సిరీస్ వంటి బండ్లను. అక్కడికి తప్పనిసరిగా వెళ్లవలసినవాళ్లు ఎంచుకునే బండి, వెళ్లాలని కోరుకునేవాళ్లు కొనుక్కునే బండి ఒకటి కావు. ఈ తేడాను కొనేవాళ్లు బాగా గుర్తు పెట్టుకోవాలి.

ఎత్తు మరో పరీక్ష పెడుతుంది. తజికిస్తాన్‌లో పామీర్ రహదారి అక్‌బైతాల్ కనుమ దగ్గర 4,655 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అక్కడి గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే సగం కన్నా కొంచెమే ఎక్కువ. బండిలో రాత్రి వెచ్చదనం ఇచ్చేది చిన్న డీజిల్ హీటరు. అది లెక్క ప్రకారం డీజిలు చుక్కలు వదులుతూనే ఉంటుంది, గాలి మాత్రం సరిపోదు. డీజిలు పూర్తిగా మండదు. మంట గది లోపల మసి పేరుకుని, చివరికి హీటరు వెలగనంటుంది. ఎత్తును పసిగట్టి డీజిలు తగ్గించే ఏర్పాటు ఉన్న హీటరు కావాలి. చలి ఎక్కువయ్యే చోటే హీటరు మొండికేస్తుందన్న సంగతి షోరూములో కూర్చున్నప్పుడు తట్టదు.

సముద్రం దాటవలసి వస్తే కొలతలు అడ్డొస్తాయి. ఎత్తు ఎక్కువున్న సరుకు కంటెయినరు తలుపు కూడా దాదాపు 2.58 మీటర్ల ఎత్తు, 2.34 మీటర్ల వెడల్పే ఉంటుంది. ల్యాండ్ క్రూయిజర్ అందులోకి వెళ్తుంది, భద్రంగా తాళం పడుతుంది. ట్రక్కు పట్టదు. దాన్ని బండ్లు నడిపి ఎక్కించే ఓడలో పంపాలి. అలాంటి ఓడల్లో ఘనపు మీటర్ల లెక్కన కిరాయి ఉంటుంది. 9 మీటర్ల పొడవు, 2.5 వెడల్పు, 3.8 ఎత్తున్న ట్రక్కు 85 ఘనపు మీటర్లు దాటుతుంది. 5 మీటర్ల జీపు 19 దగ్గర ఉంటుంది. అంటే నాలుగున్నర రెట్లు. ఉత్తర అమెరికా నుంచి దక్షిణ అమెరికాకు వెళ్లేవాళ్లకు ఇది తప్పదు. పనామా, కొలంబియాల మధ్య దారియన్ అడవిలో దాదాపు వంద కిలోమీటర్ల మేర అసలు రోడ్డే లేదు.

కాగితాల లెక్క కూడా బండి ధరతో పాటే పెరుగుతుంది. మన దేశంతో సహా కొన్ని దేశాలు విదేశీ బండిని లోనికి రానివ్వాలంటే కార్నె (బండిని తిరిగి తీసుకెళ్తామని పూచీ ఇచ్చే కస్టమ్స్ పత్రం) అడుగుతాయి. బండిని అక్కడే అమ్మేస్తే కట్టవలసిన సుంకానికి అది హామీ. కనుక బండి ఎంత ఖరీదైతే హామీ సొమ్ము అంత ఎక్కువ. మన దగ్గర నుంచి సొంత బండితో బయటికి వెళ్లేవాళ్లకు ముంబయిలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఈ పత్రం ఇస్తుంది. ఇంకో సంగతి: మన దేశంలో అనుమతి లేని శాటిలైట్ ఫోను దగ్గర ఉంచుకోవడం నేరం. తెలియక తెచ్చుకున్న విదేశీ యాత్రికులు అరెస్టయిన సందర్భాలున్నాయి.

అన్నీ ఉన్నా సరిహద్దు తెరుచుకోకపోతే చేసేదేమీ లేదు. 1955లో లండన్ నుంచి వెళ్లిన రెండు ల్యాండ్ రోవర్లలో ఒకటి, ఆక్స్‌ఫర్డ్ అని పేరు పెట్టుకున్నది, ఆ తరువాత సెయింట్ హెలెనా ద్వీపంలో తేలింది. దాన్ని బాగుచేసి 2019లో సింగపూర్ నుంచి లండన్‌కు మళ్లీ నడిపారు. మయన్మార్ నుంచి మన ఈశాన్య రాష్ట్రాల్లోకి వచ్చింది. 2021లో మయన్మార్‌లో సైనిక తిరుగుబాటు జరిగాక ఆ దారి యాత్రికులకు దాదాపు మూసుకుపోయింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ సరిహద్దులోని అటారీ కూడా మూతపడింది. అరవై ఏళ్లు దాటిన ఆ డొక్కు బండి 2019లో దాటిన సరిహద్దును, 2021 తరువాత ఎంత కొత్త ట్రక్కయినా దాటడం కష్టమే. ఇంజిన్ శక్తి ఇందులో దేనికీ పనికిరాదు.

ఇక దారి మీద వీటి ప్రభావం. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్‌లో పెద్ద ఎత్తున జరిగిన రోడ్డు పరీక్షల్లో ఒక సూత్రం తేలింది. ఒక ఇరుసు మీద పడే బరువు పెరిగితే రోడ్డుకు జరిగే అరుగుదల దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఇరుసు బరువు నాలుగింతలైతే అరుగుదల 256 రెట్లు. తారు రోడ్డు మీద రోజూ తిరిగే ఖనిజం లారీల ముందు ఒక యాత్రికుడి ట్రక్కు లెక్కలోకి రాదు, ఆ మాట ఒప్పుకోవాలి. మట్టి బాటలు, చెక్క వంతెనలు, గడ్డి నేలలు వేరు. ఐస్‌లాండ్‌లో బాట వదిలి బండి నడపడం చట్టరీత్యా నేరం. అక్కడి నాచు మీద పడిన చక్రాల జాడ మానడానికి దశాబ్దాలు పడుతుంది.

నేలకన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మనుషుల సంగతి. పాత రోజుల యాత్రికుడికి ప్రతి సాయంత్రం ఎవరో ఒకరితో పని పడేది. నీళ్లు అడగాలి, రొట్టె కొనాలి, పడుకోవడానికి చోటు వెతకాలి. అలా యాత్రికుడి డబ్బు ఊళ్లో తిరిగేది, పరిచయం కలిగేది. మూడు వారాల సరుకుతో వచ్చిన బండికి ఊళ్లో కావలసింది డీజిలు, కాస్త కూరగాయలు. వచ్చినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. చాలామంది నెలల తరబడి ఉంటారు, విమానంలో వచ్చి వారంలో పోయేవాళ్లకన్నా నిదానంగా చూస్తారు. కానీ ఎవరి అవసరమూ లేకుండా కట్టిన బండి, ఎవరినీ పలకరించే అవసరం లేకుండా కూడా చేస్తుంది. దీన్ని సరిచేసుకోవడం బండివల్ల కాదు, అందులో కూర్చున్నవాళ్లు కావాలని దిగి చేయవలసిన పని.

మన దగ్గర ఈ ధోరణి చిన్న రూపంలో మొదలైంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్ మీద పైకప్పు గుడారం, వెనుక వంటగది పెట్టుకుని లదాఖ్, స్పితి వైపు వెళ్లేవాళ్లున్నారు. ఇలా చేయించుకోవాలనుకునేవాళ్లకు రెండు మాటలు. తయారీదారు ఇచ్చిన అసలు నిర్మాణానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. కనుక పని మొదలుపెట్టక ముందే ఆర్టీఓ కార్యాలయంలో ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో అడగాలి. ఇక పని పూర్తయ్యాక, నీళ్లు, డీజిలు నింపి, కుటుంబాన్ని ఎక్కించి, బండిని దగ్గర్లోని వేబ్రిడ్జి మీదికి తీసుకెళ్లండి. ముందు ఇరుసు, వెనుక ఇరుసు విడివిడిగా తూయించి, ఆ అంకెలను తయారీదారు చెప్పిన పరిమితులతో పోల్చండి. వెనుక ఇరుసు బరువు పరిమితి దాటిందంటే గుడారం కన్నా ముందు తీసేయవలసినవి వంటగదిలోనే దొరుకుతాయి.